రాత్రి చెప్పులు పక్కనే పెట్టుకుని పడుకునే పిల్లాడు – టీచర్‌గా నేనేం చేయాలి?

మూడో తరగతి టీచర్ – సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పల్నాడులో ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. సలహా కావాలి, కాస్త తొందరగా కావాలి.

నా క్లాసులో ఎనిమిదేళ్ళ బాబు ఉన్నాడు. లెక్కల్లో చురుకైనవాడు. దీపావళి తర్వాత మారిపోయాడు. మా బడిలో పిల్లలందరూ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వస్తారు. వీడు మాత్రం లోపలికి తెచ్చుకుని తొడ కింద పెట్టుకుని కూర్చుంటున్నాడు. రెండుసార్లు కోప్పడ్డాను, ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు నాకే బాధగా ఉంది. మూడోసారి పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే చెప్పాడు: "రాత్రి కూడా పక్కనే పెట్టుకుంటా టీచర్. అమ్మ లెగు అంటే లెగిసి చెల్లిని ఎత్తుకుని పెద్దమ్మోళ్ళ ఇంటికి ఉరకాలి. దారిలో తుమ్మముళ్ళుంటాయి."

చెల్లికి రెండేళ్ళు.

వాడి ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. వాళ్ళమ్మ మొన్న పేరెంట్స్ మీటింగుకి వచ్చింది. అంత ఎండలో పవిట మెడ చుట్టూ బిగించి కప్పుకుని కూర్చుంది. గొంతు బొంగురుపోయింది. జలుబు అంది. తండ్రికి ఊళ్ళో మంచి పేరు, బడికి ఫ్యాను కూడా కొనిచ్చాడు. మా హెడ్మాస్టరు గారు "వాళ్ళింటి విషయం, మనకెందుకమ్మా" అన్నారు.

తండ్రితో నేను మాట్లాడనా? పిల్లాణ్ణి కొట్టనప్పుడు చట్టం ఏమైనా వర్తిస్తుందా?

నిర్వాహకులు – సోమవారం, రాత్రి 9:58

ఊరు, కులం, తండ్రి వృత్తి ఎవరూ అడగవద్దు, ఊహించి రాయవద్దు. చదువుతున్నవాళ్ళలో ఎవరైనా ఇప్పుడు ప్రమాదంలో ఉంటే ముందు 112కి ఫోన్ చేయండి. మహిళలకు 181, పిల్లలకు 1098. మూడూ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తాయి.

కొబ్బరితోట – సోమవారం, రాత్రి 10:15

అమ్మా, మీది మంచి మనసు. అయినా పెద్దవాడిగా ఒక మాట. బయటివాళ్ళం వేలు పెడితే ఆ సంసారం రోడ్డున పడుతుంది. నష్టపోయేది పిల్లలే. నలుగురు పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి గట్టిగా మందలిస్తే చాలామంది దారికొస్తారు. పిల్లల మొహం చూసి ఆడవాళ్ళు కాస్త సర్దుకోవడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదు.

బండి చప్పుడు – సోమవారం, రాత్రి 11:32

కొబ్బరితోట బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను. మీరు చెప్పిన ఆ పిల్లల్లో నేనొకణ్ణి. ఇప్పుడు నాకు 34 ఏళ్ళు.

మా నాన్న స్కూటర్ స్టాండు వేసే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒక్క తన్నుకి స్టాండు పడితే ఆ రాత్రి అన్నం తిని పడుకుంటాం. రెండుసార్లు గీసుకుంటే నేను టీవీ కట్టేసి చెల్లిని బాత్రూములోకి తీసుకెళ్ళి బకెట్లోకి పంపు వదిలేవాణ్ణి. నీళ్ళ చప్పుడులో అమ్మ అరుపు దానికి వినపడకూడదని. అప్పుడు నేను నాలుగో తరగతి. బకెట్ నిండాక ఒంపేసి మళ్ళీ పట్టేవాణ్ణి.

పెద్దమనుషులు మా ఇంటికి అయిదుసార్లు వచ్చారు. అయిదుసార్లూ "ఇకనుంచి బాగుంటాడులే" అని కాఫీ తాగి వెళ్ళారు. పరువు బజారున పెట్టావని ఆ వారం అమ్మకి దెబ్బలు ఇంకా ఎక్కువ. మేమిద్దరం గుమ్మం పక్కనే నిలబడి ఉండేవాళ్ళం. ఒక్కరు కూడా మమ్మల్ని ఏమీ అడగలేదు.

అమ్మ ఇప్పటికీ అంటుంది, "మీ కోసమే భరించాను" అని. మా కోసం భరించమని మేం అడగలేదు బాబాయ్. బయటికి తీసుకుపొమ్మని రోజూ మనసులో దండం పెట్టుకునేవాళ్ళం. ఇదివరకు ఇది ఎక్కడా రాయలేదు.

టీచరు గారూ, మా నాలుగో తరగతి సారుకి అంతా తెలుసని నాకు తెలుసు. ఆయన నాతో ఒక్క మాట మాట్లాడి ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

కోర్టు మెట్లు – మంగళవారం, ఉదయం 6:50

వరంగల్‌లో వకీలుని. పదకొండేళ్ళుగా ఎక్కువగా ఇవే కేసులు చూస్తున్నాను.

మొదటి ప్రశ్నకి జవాబు: తండ్రితో మాట్లాడకండి మేడం. మీరు అడిగారంటే పిల్లాడు చెప్పాడని ఆయనకి అర్థమైపోతుంది. ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో మీరు ఆపలేరు.

రెండోది: గృహ హింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అందులో హింస అంటే దెబ్బలొక్కటే కాదు. బెదిరింపు, అవమానం, ఖర్చులకి డబ్బులివ్వకపోవడం, ఇంట్లోంచి గెంటేయడం అన్నీ వస్తాయి. ఫిర్యాదు తల్లి పేరు మీద ఉన్నా కోర్టు ఇచ్చే రక్షణ పిల్లలకీ వర్తిస్తుంది. 21వ సెక్షన్ కింద పిల్లల తాత్కాలిక సంరక్షణ తల్లికి అప్పగించవచ్చు. ఇది కాక, పిల్లల బాధ్యత ఉన్న మనిషే వాళ్ళకి అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగించేలా క్రూరంగా ప్రవర్తిస్తే 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది. మూడేళ్ళ దాకా జైలు.

మీలాంటి బయటివాళ్ళకి పనికొచ్చేది గృహ హింస చట్టంలోని 4వ సెక్షన్. హింస జరుగుతోందని నమ్మకం కుదిరిన ఎవరైనా రక్షణ అధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినందుకు వాళ్ళ మీద కేసు ఉండదు. జిల్లా మహిళా శిశు సంక్షేమ ఆఫీసుకి వెళ్తే రక్షణ అధికారి ఎవరో చెబుతారు. వాళ్ళు రాసే నివేదికని మేం డీఐఆర్ అంటాం, అది మెజిస్ట్రేటుకి వెళ్తుంది. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో వేయాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. నిజం చెప్పాలంటే నా కేసుల్లో 60 రోజుల్లో తేలినవి తక్కువే. కాకపోతే అర్జంటుగా ఉంటే ఆమె అఫిడవిట్ చూసి, భర్తని పిలవకముందే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. మా వకీళ్ళలో కొందరు అది అడగడమే మర్చిపోతారు. రక్షణ ఉత్తర్వుని అతను మీరితే ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. ఆమె అత్తగారి ఊళ్ళోనే కేసు వేయనక్కర్లేదు. పుట్టింటికి వెళ్ళి తాత్కాలికంగా ఉన్నా అక్కడి కోర్టులో వేయవచ్చు. ఫీజు లేదని ఆగక్కర్లేదు, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళందరికీ న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. నంబరు 15100.

పిల్లల వార్డు – మంగళవారం, ఉదయం 7:25

కర్నూలులో పిల్లల డాక్టర్‌ని. వకీలు గారి సలహాకి ముందు ఒక విషయం చూడాలి. మెడకి పవిట చుట్టుకుని వచ్చింది, గొంతు బొంగురుపోయింది అని రాశారు. గొంతు నులిమి ఉండవచ్చు. పైకి మచ్చ కనపడకపోయినా లోపల వాపు వచ్చి గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత ఊపిరి ఆడకుండా పోయే ప్రమాదం ఉంది. మింగడం కష్టంగా ఉందా, తల తిరుగుతోందా, ఆ సమయంలో స్పృహ తప్పిందా, కనుక్కోవాలి. ఇంకో సంగతి, భర్త ఒకసారి గొంతు పట్టుకున్నాడంటే ఆ ఇంట్లో ప్రాణాపాయం చాలా పెరిగిందని అర్థం. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఇదే.

ఇక బాబు సంగతి. ఇలాంటి పిల్లలు నా దగ్గరికి కడుపునొప్పి అని వస్తారు. పొద్దున బడికి వెళ్ళే వేళకే వస్తుంది ఆ నొప్పి. స్కానింగులో ఏమీ ఉండదు. ఏడేళ్ళొచ్చాక మళ్ళీ పక్క తడుపుతారు. నత్తి మొదలవుతుంది. కొందరు అసలు బడికే వెళ్ళరు. బద్ధకం అనుకుంటాం. నేను లేనప్పుడు అమ్మకేమవుతుందో అని కాపలా కాస్తున్నారు వాళ్ళు. చిన్నప్పటి కష్టాలు పెద్దయ్యాక ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీస్తాయో చూసిన అమెరికా అధ్యయనం 1998లో వచ్చింది. తల్లి దెబ్బలు తినడం చూస్తూ పెరగడాన్ని కూడా అందులో ఒక కష్టంగా లెక్కేశారు. అలాంటివి ఎన్ని ఎక్కువైతే గుండెజబ్బులు, డిప్రెషన్, తాగుడు అంత ఎక్కువ కనిపించాయి.

వాడితో ఏం మాట్లాడాలంటే: "ఇందులో నీ తప్పు లేదు. నాకు చెప్పి మంచి పని చేశావు. నిన్నూ అమ్మనీ చూసుకునే పెద్దవాళ్ళతో నేను మాట్లాడతాను." ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వేయకండి. గుచ్చిగుచ్చి మళ్ళీ మళ్ళీ అడగకండి. నాన్న చెడ్డవాడు అనకండి, వాడికి నాన్నంటే ప్రేమ కూడా ఉంటుంది. అమ్మకి అడ్డంపడొద్దని, చెల్లితో బయటికి వెళ్ళడమే వాడి పని అని చెప్పండి. వాడి చేత 112 నంబరు కంఠతా పట్టించండి.

అంగన్వాడీ అక్క – మంగళవారం, మధ్యాహ్నం 2:10

మహబూబ్‌నగర్ జిల్లా. టీచర్ మేడం, ఆ తల్లికి ఫోన్ చేయకండి, మెసేజ్ అసలే పెట్టకండి. ఫోన్ భర్త చేతిలో ఉంటుంది. పాపకి రెండేళ్ళన్నారు కదా, అంటే నెలనెలా బరువు చూపించడానికి అంగన్వాడీకి తీసుకురావాలి. అక్కడికి భర్తలు రారు. మీ ఊరి అంగన్వాడీ టీచరు మంచి మనిషైతే ఆమె దగ్గర కలవండి.

కలిసినప్పుడు "ఎందుకు పడి ఉంటున్నావు" అని అడగకండి. నేను మొదట్లో అట్లా అడిగి ఒకామెని పోగొట్టుకున్నాను. మళ్ళీ నా మొహం చూడలేదు. ఇప్పుడు "నీకేమైనా అయితే నేనున్నాను, ఏ టైమైనా సరే" అంటాను, అంతే. కొందరు ఆరు నెలలకి వచ్చారు. ఒకామె మూడేళ్ళకి వచ్చింది.

ఆధార్‌లు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్కు, పెళ్ళి ఫొటో ఒకటి, అన్నీ జిరాక్సులు తీసి నమ్మకమైన ఇంట్లో పెట్టించండి. మా సెంటర్లో బియ్యం డబ్బా వెనక అట్లాంటి కవర్లు రెండున్నాయి ఇప్పుడు. దెబ్బలు కనపడిన రోజు తారీఖు డైరీలో రాసుకోమనండి. ఆమె రాసుకోలేకపోతే మీరు రాయండి.

ఇంట్లోంచి వెళ్ళిపోతున్నానని భర్తకి ముందు చెప్పొద్దనండి. అన్నిటికన్నా ప్రమాదమైన టైమ్ అదే. ప్రతి జిల్లాలో సఖి కేంద్రం ఉంది. వైద్యం, పోలీసు, వకీలు, కౌన్సెలింగ్ అన్నీ అక్కడే చూస్తారు, అయిదు రోజుల దాకా ఉండనిస్తారు. మగపిల్లలకి వయసు పరిమితి ఉంటుంది, ముందే అడగండి.

నిలదీసేవాడు – మంగళవారం, సాయంత్రం 5:05

తప్పుడు కేసుల గురించి ఎవరూ మాట్లాడరేం? మా అన్న నాలుగేళ్ళు తిరిగాడు.

కోర్టు మెట్లు – మంగళవారం, సాయంత్రం 6:20

మీ అన్నగారికి అన్యాయం జరిగి ఉంటే అది అన్యాయమే. విడిగా ఒక పోస్టు పెట్టండి, తెలిసినంతలో జవాబిస్తాను. ఇక్కడ ఒక పిల్లాడు ముళ్ళలో పరుగెత్తడానికి చెప్పులు దాచుకుంటున్నాడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్ళయిన ఆడవాళ్ళలో భర్త చేతిలో హింస చవిచూసినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. దేశం మొత్తమ్మీద హింసకు గురైన ఆడవాళ్ళలో సాయం కోరినవాళ్ళు 14 శాతమే. నా ఆఫీసు మెట్లెక్కేది ఆ కొద్దిమందిలో కొందరు.

పాత నెల్లూరు – మంగళవారం, రాత్రి 8:45

మా నెల్లూరు జిల్లా దూబగుంట ఊరి గురించి ఈ తరానికి ఎవరో ఒకరు చెప్పాలి. 1990ల మొదట్లో మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రి బడులు పెట్టాం, నేనూ ఒక వాలంటీర్‌ని. ఆడవాళ్ళు పలక పట్టుకుని కూర్చుని అక్షరాల కంటే ముందు తమ ఇళ్ళ సంగతులు చెప్పుకున్నారు. ఎవరింట్లో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు, కానీ పైకి అనుకోవడం అదే మొదటిసారి. ఆ తర్వాత 1992లో రోసమ్మ, ఆ ఊరి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు.

సారా పోయినా కొన్ని ఇళ్ళలో చెయ్యి ఆగలేదు, అది కూడా కళ్ళారా చూశాను. కానీ ఆ రెండేళ్ళూ మా ఊళ్ళో పెళ్ళాన్ని కొట్టినవాడు పొద్దున వీధిలోకి రావడానికి భయపడేవాడు, ఎందుకంటే ఇరవైమంది ఆడవాళ్ళు గుమ్మం ముందు కూర్చునేవారు. ఇవాళ ప్రతి ఊళ్ళో డ్వాక్రా సంఘాలున్నాయి. కంతుల లెక్క అయ్యాక పది నిమిషాలు ఈ మాట మాట్లాడుకోవచ్చు కదా!

పేరు వద్దు – బుధవారం, రాత్రి 1:15

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను కొట్టినవాణ్ణి. ఏడేళ్ళు.

మా పాప నా పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. ఫ్యాన్ స్విచ్ వేద్దామని చెయ్యి పైకెత్తాను. పాప రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. దాన్ని నేనెప్పుడూ కొట్టలేదు. కొట్టలేదు కాబట్టి దానికేమీ తెలియదనుకున్నాను. అప్పుడు కూడా మారలేదు నేను, ఒక నెల జాగ్రత్తగా ఉన్నానంతే.

తాగుడు వల్ల అని అందరికీ చెప్పేవాణ్ణి. మా సూపర్‌వైజర్ నలుగురిలో నన్ను తిట్టిన రాత్రి కూడా తాగి ఉన్నాను. ఆయన మీద చెయ్యెత్తలేదు. ఇంటికొచ్చి ఎత్తాను. కౌన్సెలింగులో ఒకాయన ఈ సంగతి నా నోటితోనే చెప్పించాడు. అక్కడినుంచి నాకు సాకు దొరకలేదు.

నా భార్య పాపని తీసుకుని వాళ్ళ అన్న ఇంటికి వెళ్ళి కేసు పెట్టింది. అందుకే ఆగింది. ఆమె వెళ్ళకపోతే నేను ఆగేవాణ్ణి కాదు, కొబ్బరితోట గారూ. మా పెద్దమనుషులు కూడా నాకు చెప్పారు, తలూపాను. ఇప్పుడు ఆదివారాలు బావమరిది ఇంట్లో, వాళ్ళ ఎదుట, రెండు గంటలు పాపని చూస్తాను. మళ్ళీ కలిసి ఉండమని ఆమెని అడగడం లేదు.

డాలస్ నుంచి – బుధవారం, ఉదయం 8:00

ఇక్కడ కూడా ఇవే మాటలు, కాకపోతే వీసా ఒకటి అదనం. హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యలకిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చిన అమ్మాయిల పాస్‌పోర్టులు దాచేసి "పోలీసుల్ని పిలిస్తే నిన్నే పంపించేస్తారు" అని బెదిరిస్తారు. హెచ్-1బీ భర్త చేతిలో హింసకి గురైన హెచ్-4 భార్య సొంతంగా వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు చేసుకునే వీలు చట్టంలో ఉంది. జాతీయ హాట్‌లైన్ 1-800-799-7233, మాకు తెలుగు కావాలని అడగవచ్చు. న్యూజెర్సీలో మానవి అనే సంస్థ 1985 నుంచి, న్యూయార్క్‌లో సఖి 1989 నుంచి, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి 1991 నుంచి మనవాళ్ళ కోసమే పనిచేస్తున్నాయి.

పిల్లల్ని తీసుకుని చెప్పకుండా ఇండియా విమానం ఎక్కేయమని సలహా ఇస్తుంటారు. అంతకుముందు ఇక్కడి వకీలుతో మాట్లాడండి. పిల్లల అపహరణపై హేగ్ ఒప్పందంలో భారత్ లేదు కాబట్టి ఏమీ కాదనుకుంటారు, కానీ ఇక్కడి కోర్టులో తల్లి మీదే కేసు పడవచ్చు.

కొబ్బరితోట – బుధవారం, ఉదయం 10:30

బండి చప్పుడు బాబూ, నీ రాత రెండుసార్లు చదివాను. నేనూ అలాంటి పంచాయితీల్లో కూర్చున్నవాణ్ణే. పిల్లల్ని పిలిచి అడిగిన గుర్తు నాకూ లేదు. టీచరమ్మా, నేను మొదట చెప్పిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

మూడో తరగతి టీచర్ – పద్దెనిమిది రోజుల తర్వాత, ఆదివారం

అందరికీ ఒకసారి చెప్పాలి.

అంగన్వాడీలో కలిశాను. మొదటిరోజు ఆమె ఏమీ చెప్పలేదు. గొంతు గురించి డాక్టరు గారు రాసింది అడిగితే మాత్రం పవిట తీసి చూపించింది. నాలుగు వేళ్ళ గుర్తులు పసుపు రంగుకి తిరిగి ఉన్నాయి. అన్నం మింగుడు పడటం లేదంది. పాపకి టీకా అని చెప్పి ఆ రోజే అంగన్వాడీ టీచరు, నేను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు పరీక్ష చేసి అంతా కాగితం మీద రాశారు.

వారం తర్వాత ఆమే 181కి చేసింది, మా స్కూలు ఫోన్ నుంచి. పిల్లలిద్దరితో సఖి కేంద్రంలో నాలుగు రాత్రులు ఉండి, ప్రకాశం జిల్లాలో పుట్టింటికి వెళ్ళింది. అక్కడి కోర్టులోనే కేసు వేశారు. మధ్యంతర రక్షణ ఉత్తర్వు వచ్చింది, బాబు చేరిన బడి దగ్గరికి కూడా అతను వెళ్ళకూడదని అందులో ఉంది.

అక్కడి బడిలో టీసీ లేకుండా చేర్చుకోబోమని అన్నారట. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు. నేను ఫోన్ చేసి ఆ మాట చెబితే చేర్చుకున్నారు, టీసీ తర్వాత పంపాను. వదిలేసిన, విడాకులైన తల్లుల పిల్లలకి మిషన్ వాత్సల్య పథకం కింద నెలకి 4,000 స్పాన్సర్‌షిప్ ఉందని జిల్లా బాలల సంరక్షణ విభాగంలో చెప్పారు. ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏడాదికి 72,000. ఈమెకి వస్తుందో రాదో, అప్లికేషనైతే పెట్టాం.

అతను బడికి వచ్చాడు. నా కొడుకుని ఎక్కడ దాచావని క్లాసులో పిల్లల ముందే అరిచాడు. కాళ్ళు వణికాయి నాకు. పిల్లలందరూ బల్లలు పట్టుకుని బిగుసుకుపోయారు. అప్పుడు గమనించాను, మూడో వరసలో ఒక పాప చెవులు మూసుకుని కళ్ళు గట్టిగా మూసేసింది. మిగతా పిల్లలు భయపడిన తీరు వేరు, ఆ పాప తీరు వేరు. మా హెడ్మాస్టరు గారు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడి 112కి చేశారు. నన్ను వెనక్కి జరగమన్నారు. మనకెందుకమ్మా అన్న మనిషే ఆయన.

బాబుతో నిన్న ఫోన్‌లో మాట్లాడాను. ఎక్కాలు పదహారు దాకా వచ్చాయన్నాడు. రాత్రి బాగా పడుకుంటున్నావా అంటే, చెప్పులు ఇంకా పక్కనే పెట్టుకుంటున్నానన్నాడు.

పిల్లల వార్డు – ఆదివారం, రాత్రి 9:10

పెట్టుకోనివ్వండి. ఎవరూ తీయమనవద్దని అమ్మమ్మ గారికి చెప్పండి. నిద్ర, తిండి నెల దాటాక కూడా కుదుటపడకపోతే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చేయించండి, తెలుగులో మాట్లాడతారు.

కోర్టు మెట్లు – ఆదివారం, రాత్రి 9:32

తర్వాతి వాయిదా ఎప్పుడు మేడం? ఆసుపత్రి కాగితం ఒరిజినల్ ఆమె దగ్గరే ఉందా?

మూడో తరగతి టీచర్ – ఆదివారం, రాత్రి 9:50

వచ్చే నెల 14న. ఒరిజినల్ వాళ్ళ వకీలు దగ్గర ఉంది, ఒక జిరాక్స్ నా బీరువాలో. ఆ మూడో వరస పాపతో రేపు మాట్లాడదామనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి డాక్టరు గారూ?